మా బడి గోడ మీది వేపచెట్టు

తొంభైల్లో ఖమ్మం చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన మాకు సగం చదువు గోడల మీదే వచ్చింది. వాచకం చేతికి రాకముందే కూడబలుక్కుని చదివినవి గోడ రాతలు. సిమెంటు ప్రకటన, పురుగుమందు డబ్బా బొమ్మ, "మేమిద్దరం మాకిద్దరు", పల్స్ పోలియో చుక్కలు, ఎన్నికలొస్తే పార్టీల గుర్తులు, ఎన్నికలు లేని రోజుల్లో రాత్రికి రాత్రే వెలిసే ఎర్ర అక్షరాలు. పెచ్చు ఊడిన చోట సున్నం పొరలు లెక్కపెడితే ఆ ఊరు ఎన్ని ఎన్నికలు చూసిందో చెప్పేయవచ్చు. అరిగిపోయిన హస్తం మీద సైకిలు, సైకిలు మీద సుత్తీ కొడవలీ, వాటన్నిటి మీదా ఎరువుల బస్తా.

వీటి మధ్యకు చెట్టు బొమ్మలు వచ్చింది క్లీన్ అండ్ గ్రీన్ రోజుల్లో. ఉమ్మడి రాష్ట్రంలో జన్మభూమి అనే సర్కారు కార్యక్రమం మొదలైన ఏడాది 1997. ఆ వెనకే "పచ్చదనం, పరిశుభ్రత" అంటూ నెలకో శనివారం బడి పిల్లలందరినీ వీధుల్లో తిప్పేవారు. అట్టముక్కకు వెదురుబద్ద కట్టి, దాని మీద స్కెచ్ పెన్నుతో "పచ్చని చెట్లు ప్రగతికి మెట్లు" అని రాసుకుని, గొంతు చించుకుని అరుస్తూ ఊరంతా తిరగడం. అరిచిన వాటిలో ఎంత అర్థమైందో గానీ, ఊరేగింపు అయ్యాక ఇచ్చే బిస్కెట్ల కోసం ఎవరూ బడి ఎగ్గొట్టేవాళ్లు కాదు.

ఆ ఊపులోనే మా బడి ప్రహరీ గోడ మీద ఒక బొమ్మ వేయించాలని హెడ్మాస్టరు గారు అనుకున్నారు. రంగుల ఖర్చు సర్పంచిది. కూలి వద్దన్నాడు పెయింటరు బాబాయి.

ఊరికంతటికీ ఒక్కరే పెయింటరు, ఊరికంతటికీ బాబాయే. కిరాణా కొట్టు బోర్డు, ట్రాక్టరు ట్రాలీ వెనక పిల్లల పేర్లు, సంక్రాంతికి ఎద్దుల కొమ్ములు, శ్రీరామనవమి పందిరికి తెర, అన్నీ ఆయన చేతి మీదుగానే. "శ్రీ" రాస్తే దాని తోక అక్షరం చుట్టూ తిరిగి వచ్చి చివర ఒక మొగ్గ వేసేది. ఆ మొగ్గ చూస్తే చాలు, పక్క మండలంలో ఉన్నా సరే అది మా బాబాయి రాసిన బోర్డని గుర్తుపట్టేవాళ్లం.

గోడ తయారీకే రెండు రోజులు పట్టింది. ముందు పాత సున్నం పొరలు గీకాలి. ఆ పని మాది. విరిగిన పలకలు, కొబ్బరి చిప్పలు, ఒకడు తెచ్చిన తాపీ, ఏది దొరికితే దానితో గీకాం. తర్వాత గోడ నిండా నీళ్లు చల్లి, చిటికెడు నీలిమందు కలిపిన సున్నం రెండు పూతలు వేశారు. ఎనామిల్ రంగు ఖరీదు కనుక దాన్ని అక్షరాలకే దాచాడు బాబాయి. బొమ్మకంతా పొడి రంగులే. రాత్రి నానబెట్టిన తుమ్మబంకను గుడ్డలో వడకట్టి ఆ పొడిలో కలిపాడు. బంక తక్కువైతే చెయ్యి తగిలినప్పుడల్లా రంగు అంటుకుంటుంది, ఎక్కువైతే ఎండకు బీటలు వారి పొలుసులు లేస్తుంది. వేలికి రాసుకుని, ఆరనిచ్చి, చొక్కాకు తుడిచి చూసేవాడు. ఆయన చొక్కాకు ఎడమవైపున ఎప్పుడూ నాలుగు రంగుల చారలుండేవి.

అక్షరాలకు గీత కొట్టడం మాకు పండగ. పురికొసకు నీలిమందు పొడి పట్టించి, ఈ చివర ఒకడు ఆ చివర ఒకడు బిగించి పట్టుకుంటే, బాబాయి నడుమన రెండు వేళ్లతో లాగి వదిలేవాడు. టప్పున గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా తిన్నటి నీలం గీత పడేది. ఒక్కరికీ స్కేలు లేదు, కొలత లేదు. ఆ కొస పట్టుకోవడం కోసం మేం కొట్టుకున్నంత పని చేశాం.

బొమ్మ వేపచెట్టు. కింద అరుగు, అరుగు మీద కూర్చున్న ముసలాయన, పక్కన నీళ్లకుండ. బొమ్మ మొదలుపెట్టిన రెండో రోజు సాయంత్రానికి చెట్టు పూర్తయింది, మేమంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. అప్పుడు వచ్చింది మా నాయనమ్మ. నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసి, "మామిడిచెట్టు బాగుంది రా" అంది. బాబాయి ముఖం మాడిపోయింది. "వేప పెద్దమ్మా" అన్నాడు. "వేపాకు ఇట్లా ఉంటుందా?" అని ఆమె నేరుగా బడి వెనక్కి వెళ్లి ఒక రెమ్మ తుంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆ రెమ్మను మేమందరం అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాం. రోజూ పళ్లు తోముకునేది దాని పుల్లతోనే, అమ్మవారు పోస్తే పక్క కింద పరిచేది ఆ ఆకులే, ఉగాది పచ్చట్లో పడేది ఆ పువ్వే. అయినా ఆకు అంచున రంపపు పళ్లు ఉంటాయని, ఆకు ఒక పక్కకు కొడవలిలా వంపు తిరుగుతుందని, తొడిమ దగ్గర రెండు వైపులూ సమానంగా ఉండవని, ఒకవైపు కాస్త వెడల్పని ఎవరికీ తెలియదు. బాబాయి మాట్లాడకుండా పచ్చరంగు మీద సున్నం కొట్టాడు. మర్నాడు పొద్దున్నుంచి ఆ రెమ్మను గోడ పగుల్లో గుచ్చి, దాన్ని చూస్తూ ఆకు ఆకూ మళ్లీ వేశాడు. పండ్లు మాత్రం మాకు వదిలేశాడు. పసుపు రంగులో బొటనవేలు ముంచి ఒక్కొక్కరం ఒక్కో పండు అద్దాం. ఎవరి పండు ఏదో అందరికీ గుర్తు. ఒకడు రెండు అద్దాడని పెద్ద గొడవ.

చెట్టు కింద రాయవలసిన మాట మండలం నుంచి కాగితం మీద వచ్చింది. రెండు లైన్ల పొడవున, గ్రాంథికంగా, చదివితే ఊపిరి ఆడనట్టు ఉంది. హెడ్మాస్టరు గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "నీడకు వచ్చినవాడు నీళ్లు పోసి పోవాలి" అని రాయమన్నారు. ఆ మాట ఆయనదో, ఎక్కడైనా విన్నదో మేం అడగలేదు.

ఆ గోడ మీద ఆ తర్వాత ఎన్నికల రాతలు పడలేదు. ఒక పార్టీ వాళ్లు సున్నం బక్కెట్టుతో వచ్చి మూల మీద "రిజర్వు" అని రాయబోతే నీళ్లకు పోతున్న ఆడవాళ్లు బిందెలు దింపి అడ్డం నిలబడ్డారు. "మా పిల్లలు వేసిన బొమ్మ" అన్నారు. అచ్చంగా చూస్తే మేం వేసింది పండ్లే. సినిమా పోస్టరూ ఎవరూ అంటించలేదు. గోడ పక్కన నిలబడే అలవాటున్న మగవాళ్లు కూడా ఆ పది అడుగులు వదిలి ముందుకు వెళ్లేవారు. ఆ గోడ వెంట నాటిన కానుగ మొక్కల సంగతి అంత గొప్పగా లేదు. తుమ్మకంప నాటినా మేకలు దూరాయి, వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు లేక కొన్ని ఎండిపోయాయి. మిగిలిన కొన్ని ఇప్పుడు ప్రహరీని దాటి రోడ్డు మీదికి నీడ పరిచాయి.

2000లో వాననీటిని నేలలో ఇంకించే నీరు-మీరు కార్యక్రమం వచ్చినప్పుడు పంచాయతీ ఆఫీసు గోడ మీద ఇంకుడు గుంత బొమ్మ వేసింది కూడా బాబాయే. ఈసారి ఇంజినీరు గారు ఇచ్చిన పటం చూసి వేశాడు. నేలను నిలువునా కోసి చూపించే బొమ్మ అది. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద చిన్న రాళ్లు, ఆపైన కంకర, పైన దొడ్డు ఇసుక, పక్కన చూరు నుంచి దిగే గొట్టం. నేలలోపల ఉండేదాన్ని గోడ మీద చూడటం పెద్దవాళ్లకు వింత. "గుంత గోడకెందుకు పెట్టారు?" అని అడిగిన తాత ఒకాయన ఉన్నాడు. కానీ చదువురాని మేనమామ ఒకాయన పంచాయతీ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి ఆ బొమ్మ చూసొచ్చి, అదే వరసలో రాళ్లు పేర్చి పెరట్లో గుంత తీశాడు. అందమైన బొమ్మ అని ఎవరూ అనలేదు గానీ, బాబాయి వేసిన వాటిలో పనికొచ్చిన బొమ్మ బహుశా అదే.

ఇదంతా రాస్తూ రామయ్య గారిని తలుచుకోకుండా ఉండటం మా జిల్లావాళ్లకు సాధ్యం కాదు.

దరిపల్లి రామయ్య గారు. ఖమ్మం పక్కన రెడ్డిపల్లి. తర్వాత దేశమంతా వనజీవి అంది, 2017లో పద్మశ్రీ ఇచ్చింది. మేం చూసిన రోజుల్లో మాత్రం ఆయన చెట్ల రామయ్య. ఇంకొందరి నోట్లో ఆ పేరు ముందు మరో మాట ఉండేది, అది ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఖమ్మం వెళ్లే బస్సు కిటికీలోంచి రోడ్డు పక్కన చూసేవాళ్లం. సైకిలుకు మొక్కలు, పలుగు, పార. మెడలో గుండ్రటి బోర్డు. దాని మీద చేత్తో రాసిన "వృక్షో రక్షతి రక్షితః". బస్సులో సగం మంది నవ్వేవారు, సగం మంది చదివేవారు. నవ్వినవాళ్లు కూడా చదివాకే నవ్వేవారు.

గోడ ఒకచోట ఉంటుంది, దాని ముందు నుంచి పోయినవాడే చదువుతాడు. రామయ్య గారు గోడను మెడకు తగిలించుకుని జనం ఉన్నచోటికల్లా వెళ్లారు. సంతకు వెళ్లారు, పెళ్లికి వెళ్లారు, ఆఫీసులకు వెళ్లారు. బోర్డుల కోసం ఆయన కొత్త రేకు కొనలేదు. పాత డబ్బాలు, తుప్పు రేకులు, పారేసిన సామాను ఏది దొరికినా దాని మీద రంగు పూసి, చెట్ల గురించి ఒక మాట రాసి పెట్టేవారు. ఇల్లంతా అవే. పత్రికల్లో వచ్చిన ఫొటోల్లో ఆయన వెనక ఇల్లు కనపడదు, రాతలు కనపడతాయి. చిత్రకళ తెలిసినవాళ్లు చూస్తే అక్షరాల పొందిక గురించి ఏమంటారో గానీ, ఒకే చెయ్యి అన్నేళ్లపాటు ఒకే సంగతి రాస్తూ పోతే వచ్చే తీరు ఒకటుంటుంది. అది ఆ రేకుల మీద ఉంది.

వేసవిలో ఆయన, భార్య జానమ్మ గారు కలిసి విత్తనాలు ఏరేవారు. వేప, రావి, మారేడు, కదంబ, ఇంకా ఎన్నో. వానలు పడ్డాక కాలువ గట్ల వెంట, రోడ్ల వెంట, గుడి ఆవరణల్లో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసేవారు. విత్తనాల కోసం, మొక్కల కోసం ఉన్న పొలం అమ్ముకున్నారని ఊళ్లో చెప్పుకునేవారు, తర్వాత పత్రికలూ రాశాయి. మనవరాళ్లకు చందనపుష్ప, హరితలావణ్య, కబందపుష్ప, వనశ్రీ అని పేర్లు పెట్టుకున్నారు. మనుషుల పేర్లను కూడా బోర్డులుగా వాడుకున్న మనిషి. నాటిన మొక్కలు కోటి దాటాయని అంటారు. ఆ లెక్క ఎవరు ఎలా కట్టారన్న వాదన పెట్టుకునేవాళ్లను రెడ్డిపల్లి కాలువ గట్టు మీద కాసేపు నడిచి రమ్మంటాను.

2025 ఏప్రిల్ 12న ఆయన పోయారు. ఆ రోజు నాకు వచ్చిన ఫొటోలన్నిటిలో మొదట కళ్లు వెళ్లింది ముఖం వైపు కాదు, మెడలోని బోర్డు వైపు.

గోడల మాట అలా ఉంచితే, మా ఇళ్లలో ఆడవాళ్లకు వాకిలే గోడ. సంక్రాంతి ముగ్గుల పోటీల్లో రథాలూ చెరుకుగడలూ పాతబడ్డాక, "నీటిని కాపాడండి" అని బిందె, కుళాయి వేసే తరం వచ్చింది. మా అక్క ఒకసారి భూగోళం వేసి, ఆఫ్రికా ఖండానికి చోటు చాలక దాన్ని తులసికోట దాకా లాక్కెళ్లింది. మూడో బహుమతి, స్టీలు గిన్నె. నాయనమ్మకు ఈ పోటీ ముగ్గులు గిట్టేవి కావు. బియ్యప్పిండితో వేస్తే చీమలు తింటాయి, పిచ్చుకలు తింటాయి, ఈ రంగులు ఎవరు తింటారని ఆమె తగువు. భూమిని కాపాడమని వేసిన ముగ్గు మీద నుంచి చీమ పక్కకు తప్పుకుని పోవడం నేను చూశాను. ఆమె తగువులో న్యాయం ఉంది.

ఇదే తగువు పెద్ద ఎత్తున హైదరాబాదులో చూశాను, ఉద్యోగానికి వచ్చాక. మా ఊళ్లో వినాయకుడంటే చెరువు మట్టి, పత్రి. పత్రి కోసం పొద్దున్నే కంచెల వెంట పడితే ఉత్తరేణి ఏదో, వావిలి ఏదో, జమ్మి ఏదో, నేలములక ఏదో పదేళ్లవాడికి కూడా తెలిసిపోయేది. ఇక్కడ ఖైరతాబాదులో ఆకాశమంత గణపతి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై ఏటా ఒక్కో అడుగు పెరుగుతూ అరవై అడుగులకు చేరిన విగ్రహం అది. శిల్పుల పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించేది, నిమజ్జనం మర్నాడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిలబడితే చూడలేకపోయేవాణ్ణి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మట్టిలా నీళ్లలో కరిగిపోదు. చెయ్యి, తొండం, కిరీటం ముక్కలు అలాగే తేలుతూ ఉండేవి, క్రేన్లు వాటిని మళ్లీ బయటికి తోడేవి. గొడవ కోర్టులకెక్కింది. చివరికి 2022లో ఖైరతాబాదు వాళ్లు మొదటిసారి యాభై అడుగుల మట్టి విగ్రహం నిలబెట్టారు. తర్వాతి ఏడు అరవై మూడు, 2024లో డెబ్బై అడుగులు, అన్నీ మట్టివే. అంత ఎత్తున మట్టి నిలవదని అడ్డంగా వాదించినవాళ్లలో మా ఆఫీసు మిత్రులూ ఉన్నారు. నిలిచింది. "మట్టి గణపతిని పూజించండి" అని ఊరంతా కట్టిన బ్యానర్లన్నీ చెప్పలేని సంగతి ఆ ఒక్క విగ్రహం చెప్పింది.

బ్యానర్లంటే గుర్తొచ్చింది. నాకు ఫ్లెక్సీ అంటే ఒళ్లు మంట. 2015లో హరితహారం మొదలయ్యాక మా ఊరికి మొక్కలూ వచ్చాయి, బొమ్మలూ వచ్చాయి. ఆ బొమ్మలన్నీ ఫ్లెక్సీల మీద. ఎక్కడో కంప్యూటర్లోంచి దించిన విదేశీ చెట్టు, దాని చుట్టూ నాయకుల ఫొటోలు, అన్నిటికన్నా అడుగున చిన్న అక్షరాల్లో "చెట్లను పెంచండి". మా ప్రాంతంలో పెరగని, ఎవరూ పేరు చెప్పలేని చెట్టు అది. నాయనమ్మ ఉంటే దాని ముఖాన రెమ్మ పెట్టి అడిగి ఉండేది. పైగా అచ్చు వేసింది ప్లాస్టిక్ మీద. మట్టిలో కలవదు, కాలిస్తే విషపు పొగ. ఒక్క మేలు ఒప్పుకోవాలి, కల్లాల్లో మిర్చి మీద వాన పడకుండా కప్పుకోవడానికి పాత ఫ్లెక్సీ బాగా పనికొస్తుంది. మాఘమాసంలో మా వైపు పొలాలకు వెళితే ఎర్రటి మిర్చి రాశుల మీద ఐదారు పార్టీల నాయకులు పక్కపక్కనే వెల్లకిలా నవ్వుతూ కనిపిస్తారు.

నా ఫిర్యాదు ప్లాస్టిక్ గురించి మాత్రమే కాదు. ఫ్లెక్సీకి గోడ గీకనక్కరలేదు, బంక నానబెట్టనక్కరలేదు, కొస పట్టుకునే పిల్లవాడు అక్కరలేదు. రాత్రి ఆర్డరిస్తే పొద్దున వచ్చేస్తుంది. దాన్ని కట్టేవాడు కూడా చదవడు. మా బడి గోడ వల్ల ఊరు మారిందని నేను చెప్పను. ఆ గోడ గీకిన ముప్పై మంది పిల్లలకు మాత్రం వేపాకు ఎలా ఉంటుందో ఈ రోజుకీ తెలుసు. చదివినవాళ్ల కంటే వేసినవాళ్లకే ఎక్కువ అబ్బింది.

బడికి కొత్త ప్రహరీ కట్టినప్పుడు పాత గోడ పడగొట్టారు. ఈమధ్య ఊరికి వెళ్లినప్పుడు బాబాయిని చూశాను. నిచ్చెన ఎక్కడం మానేసి చాలా కాలమైంది. కొడుకు టౌన్లో ఫ్లెక్సీల షాపు పెట్టాడు, మధ్యాహ్నాలు ఈయన అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నేను వెళ్లేసరికి తండ్రీకొడుకులు గొడవ పడుతున్నారు. "ప్లాస్టిక్ వాడవద్దు, పర్యావరణాన్ని కాపాడండి" అనే ఫ్లెక్సీకి ఆర్డరు వచ్చింది. కొడుకు "పర్యావరణం" బదులు "పర్వావరణం" అని కొట్టాడు. అచ్చయిపోయింది, ఇప్పుడేం చేస్తాం, ఎవరు చూస్తారు నాన్నా అంటున్నాడు వాడు. బాబాయి సిరా మార్కరు తీసుకుని అక్కడికక్కడే ఆ అక్షరాన్ని దిద్దుతున్నాడు. దిద్దిన చోట కాస్త వంపు కూడా తిప్పాడు.

ఆ పని అయ్యాక నన్ను పక్కకు కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పాడు. బడి కొత్త గోడ మీద రామయ్య గారి బొమ్మ వేయమని పంతుళ్లు అడిగారట. నిచ్చెన మీద పిల్లలు, కింద కుర్చీలో తాను, అట్లా ఒప్పందం. ఈసారి కూలి తీసుకుంటాను, ఇప్పుడు బడికి నిధులున్నాయట కదా అన్నాడు. నీ దగ్గర ఆయన ఫొటోలుంటే పంపు, ముఖం నాకు తెలుసు, మెడలో బోర్డు దగ్గరగా కనపడేవి కావాలి అన్నాడు.

హైదరాబాదు వచ్చి వెతికి, దొరికినవన్నీ ఫోనుకు పంపాను. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి తిట్టాడు. ఒక్కదాంట్లో కూడా "వృ"కు పెట్టిన వట్రసుడి ఎటు తిరిగిందో స్పష్టంగా లేదట. ఆయన రాత ఆయన రాతలాగే వేయాలి గానీ నా రాత వేస్తే ఎలా అన్నాడు. ఆదివారం కొడుకు బండి మీద రెడ్డిపల్లి వెళ్లి, ఇంటివాళ్లను అడిగి, రేకు మీదే చూసి వస్తాడట.